పరుపు మధ్యన పల్లం

కత్తెర మొనతో పాత కుట్లు ఒక్కొక్కటే తెంపుతుంటే పరుపు నిట్టూర్చినట్టు లోపలి గాలి వదిలింది. పరుపులాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని దూదంతా నేల మీదికి దులిపాడు. అరచేతుల నిండా కాయలు, కనుబొమల మీద ఎప్పటికీ రాలని తెల్లటి నూగు.

ఎవరో భార్యాభర్తల పరుపు అది. రెండు అంచుల్లో రెండు గుంటలు, మధ్యలో గట్టులా గడ్డకట్టిన దూది. అలాంటివి చూసినా ఆయన ఎవరితోనూ అనడు. దూదిని వేళ్లతో విడదీసి, బెత్తంతో కొట్టి, మళ్లీ నింపేటప్పుడు మాత్రం మధ్యన ఒక గుప్పెడు తగ్గిస్తాడు. ఆలుమగల పరుపులకే ఆ పద్ధతి. అలా చేస్తే నిద్రలో ఇద్దరూ తమకు తెలియకుండానే ఒకరివైపు ఒకరు ఒరుగుతారని ఆయన నమ్మకం.

ఆయన ఇంట్లో మాత్రం వారం నుంచి భార్య ముందుగదిలో చాప మీద పడుకుంటోంది.

"ఊరందరి నిద్రా మీకే కావాలి. నా నడుం ఒక్కటే మీకు పట్టదు" అని తలగడ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పెళ్లయిన కొత్తలో కుట్టిన పరుపు. బాగుచేస్తానని ఏళ్ల తరబడి రేపు, రేపు అంటూనే వచ్చాడు. ఇప్పుడు ఆ మంచం వెడల్పు ఆయనకు కంటిమీద కునుకు రానివ్వడం లేదు. ఎలాగైనా ఆమెను మళ్లీ మంచం మీదికి తెచ్చుకోవాలని ఆ రోజు కొట్టు పెందలాడే మూశాడు. పొడుగు సూది కాలరుకు గుచ్చుకుని, కొత్త దూది మూట భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిలో ఎన్నడూ లేనిది ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు.

"దారి తప్పి వచ్చిందా ఆ మూట?" అంది భార్య.

"నువ్వా చివర పట్టుకో."

మేడ మీద నీడపట్టున పరుపు విప్పారు. మధ్యలో దూది దాదాపు లేదు.

"ఇదేంటండీ, ఎలుకలు తిన్నాయా?"

ఆయన సూదిలో దారం ఎక్కించాడు. "అప్పట్లో మధ్యన నాలుగు గుప్పెళ్లు తగ్గించాను."

"ఎందుకూ?"

"నువ్వు గోడవైపు తిరిగి పడుకునేదానివి."

ఆమె చేతులు ఆగాయి. "అంటే ఇన్నేళ్లూ నేను మీమీదికి దొర్లింది పరుపు పనా? నా పిచ్చి ప్రేమేమో అనుకున్నా." నవ్వుకి నూగు లేచి తుమ్మింది. "నా నడుం విరగ్గొట్టింది మీరేనన్నమాట. ఈసారి తిన్నగా నింపండి."

"అలాగేలే."

నింపుతూ మధ్యకు వచ్చేసరికి ఆమె ఆయన చేతిలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టింది.

"ఇంత చాలు" అంది, ఆయన మొహం చూడకుండా.

మూడు మూలలు కుట్టాడు. "నాలుగోది కాసేపాగి కుడతా. ఆయాసంగా ఉంది" అని సూదిని అక్కడే గుచ్చాడు. ఇద్దరూ కలిసి పరుపును మంచం మీద పరిచారు. ఆమె ముందుగదిలోకి వెళ్లి తన తలగడ తెచ్చుకుని ఆయన పక్కన పడుకుంది.

"ఎలా ఉంది?"

"మీ గురక లేకపోతే బాగానే ఉంటుంది."

కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుగు పాదాల దాకా వచ్చి ఆగింది. ఆమె కొద్దికొద్దిగా ఆయనవైపు ఒరిగి, అలాగే నిద్రపోయింది. గురక వినపడలేదు. లేచి టీ కాచి తెచ్చి పిలిస్తే ఆయన పలకలేదు. మొహం ఆమె పడుకున్న వైపే తిరిగి ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక కూతురు పరుపు చుట్టబోతే, ఆమె వద్దంది. కాళ్ల దగ్గర కుట్టని మూలలోంచి దూది కొంచెం తొంగిచూస్తోంది. పక్కనే, ఎక్కించిన దారంతో, ఆయన గుచ్చినచోటే ఉంది సూది.