సున్నా చుక్కల లుంగీ

తార్నాకలో లాండ్రీ తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి రెండు ఇస్త్రీ పెట్టెలు, చెరగని నల్ల సిరా సీసా, క్యాంపస్‌లో ఒక హాస్టల్ బట్టల కాంట్రాక్టు. మూడోది పోతే మొదటి రెండూ ఎందుకూ పనికిరావు.

1969 మొదట్లో అది పోయేలాగే ఉంది. వరసగా రెండు వారాలు బట్టలు తారుమారయ్యాయి. "ఇంకొక్కటి తప్పితే నల్లకుంట లాండ్రోళ్లకు ఇచ్చేస్త" అన్నాడు వార్డెన్ వెంకటేశం.

మా గుర్తులు తేలికే. హాస్టల్ బట్టకు ఒక గీత, పక్కన గది నంబరు ఎంతో అన్ని చుక్కలు. వార్డెన్‌కు గది నంబరు లేదు కనుక వట్టి గీత. గోల్నాకలో ఉతికి తెచ్చిన కుప్పను నా భార్య ప్రమీలమ్మ వేరుచేసేది.

మా గిరాకీ సామేలు లెక్కలు చదువుతూ, క్యాంపస్‌లోని కంప్యూటర్ మీద కొత్తగా ప్రోగ్రాములు నేర్చుకుంటున్నాడు. మా తంటా విని ఉపాయం చెప్పాడు.

"అన్నా, మిషన్‌కు ఒక్కొక్కటి చూపియ్యం. నమూనా ఇస్తం. గట్లున్నయన్నీ అదే ఏరుతది" అంటూ చీటీ మీద గీత, చుక్క, దాని పక్కన నక్షత్రం గీశాడు. "నక్షత్రముంటే ముందున్న చుక్క ఎన్నిసార్లన్న రావచ్చు. గీ నమూనావి హాస్టల్ మూటల వెయ్యక్కా. మిగిలినయి వార్డెన్ సార్‌వి."

"ఎన్నిసార్లన్ననా?" అడిగింది ప్రమీలమ్మ.

"ఎన్నిసార్లన్న."

ఆదివారం సాయంత్రానికి వార్డెన్ మూటకు ఏమీ మిగల్లేదు. ఈ వారం సార్ బట్టలు వేయలేదేమో అనుకుని హాస్టల్ మూట పంపించేశాను.

సోమవారం సామేలు చొక్కాల కోసం వచ్చి నిలబడ్డాడో లేదో, వెనకే వార్డెన్ వచ్చాడు.

"ఏందయ్యా బాలస్వామీ! నా పచ్చగళ్ల లుంగీ కట్టుకొని హాస్టల్ పోరడు మొగిలిగాడు మెస్సుల తిరుగుతుండు!"

ప్రమీలమ్మ చీటీ తెచ్చి చూపింది. "చుక్కలు ఎన్నున్నా హాస్టల్ మూటల వెయ్యమన్నడు. సార్ లుంగీకి సున్నా చుక్కలు. సున్నా లెక్కల రాదా?"

సామేలు గంతేశాడు. "అక్కా! మిషన్ గూడ గిట్లనే చేసింది! వద్దన్నయన్నీ ఏరింది. చెడిపోయిందనుకున్న. నక్షత్రమంటే సున్నాసార్లు గూడ!"

"మంచిగున్న మిషన్‌ను తిట్టినవా తమ్మీ?"

అతను చీటీ మీద ఇంకో చుక్క చేర్చాడు. గీత, చుక్క, చుక్క, నక్షత్రం. "ఒక్క చుక్క పక్కా. దాని తర్వాత ఎన్నన్న."

"నీ చుక్కలు నువ్వే లెక్కపెట్టుకో. కాంట్రాక్టు ఖతం" అన్నాడు వార్డెన్.

అప్పుడే మొగిలి లుంగీ మడతపెట్టుకుని వచ్చాడు. "మాఫ్ చెయ్యండ్రి సార్. మూటల ఉంటే కట్టుకున్న. గానీ సార్, అల్లంత దూరం నుంచి గళ్లు చూసి అందరు సిగరెట్లు పడేసి జరిగిండ్రు. లైన్ల ముందు నేనే."

వార్డెన్ ఆగాడు. "లుంగీని చూసేనా?"

"మొఖం ఎవడు చూసిండు సార్?"

ఆయన మీసం సవరించుకుని లుంగీ నా బల్ల మీద పెట్టాడు. "మళ్ల ఉతుకు. ఈసారి గంజి జర ఎక్కువ పెట్టు."

నాకు పోయింది ఒక పూట పని. కాంట్రాక్టు మిగిలింది. సామేలు ప్రోగ్రాము నడిచిందట. ఇక అంబర్‌పేట్ సంతలో ఎవరైనా "కొసరు ఎంతన్న వేస్తనమ్మా" అంటే ప్రమీలమ్మ "సున్నా గూడనా?" అని అడిగి ఖాయం చేసుకుంటోంది. ఆ లెక్కన వారానికి గుప్పెడు పచ్చిమిరపకాయలు లాభం.