మౌనం పాటించని ఓడ

తాడు కొసను ఇనుప దిమ్మకు రెండు చుట్లు చుట్టి, మూడోది బిగిస్తూ క్లిఫర్డ్ రిమ్మర్ దగ్గాడు. జనాన్ని నది దాటించే ఫెర్రీ పక్కభాగం రేవు కొయ్యలకు రాసుకుని కీచుమంది. అతను గొలుసు తీసి పక్కకు తప్పుకున్నాడు. లివర్‌పూల్ వైపు పనులకు పోయే జనం అతని ముందునుంచే, అతన్ని చూడకుండానే దిగిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పాతికేళ్ళు దాటింది. అప్పటినుంచీ మెర్సీ నది మీద అతనిది ఇదే పని. పొట్టి మనిషి. భుజాల్లోకి కూరుకుపోయినట్టుండే తల, తాళ్ళకు కాయలు కాసిన అరచేతులు, ఎప్పుడూ తడిగా ఉండే కోటు చేతులు.

ఆ పొద్దున గుండెల్లో పట్టేసినట్టుందని అతనంటే, ఓడల ఆట మానేసి ఇంటికొచ్చి పడుకోమంది భార్య మ్యూరియల్. నేల మీద పాకుతూ చెక్క ఓడలు జరిపే మగాళ్ళను చూస్తే ఆమెకు నవ్వు.

“నువ్వు లేకపోతే మునిగిపోయేదేముంది అక్కడ?” అంది.

“మునిగేదే నేను. నేను పోకపోతే ఇంకెవరు మునుగుతారు?” అన్నాడతను బూట్లు తొడుక్కుంటూ.

పొద్దుటి డ్యూటీ దిగి, శనివారం అలవాటు ప్రకారం లివర్‌పూల్ ఒడ్డునే చర్చి పక్క హాలుకు వెళ్ళాడు. నేలంతా సుద్దగీతలు, అదే సముద్రం. ఒక్కొక్క ఓడ కెప్టెనూ ఒక్కొక్క తెర వెనక కూర్చుంటాడు. కాలేజీలో లెక్కలు చెప్పే హెస్కెత్ అంపైరు. ఆట నియమాలు రాసిందీ అతనే. శత్రువు కనబడేదాకా ఓడలు రేడియోలో మాట్లాడకూడదు. మునిగే ఓడ పిలవచ్చు, మిగతావి పలకకూడదు. పలికితే హెస్కెత్ పాచిక వేస్తాడు, పెద్ద అంకె పడితే ఆ ఓడ జాడ శత్రువు జలాంతర్గామికి తెలిసిపోతుంది. క్లిఫర్డ్ ప్రతిసారీ పలుకుతున్నాడని ఈ నెల ఇంకో నియమం చేర్చారు. ఆజ్ఞ మీరి మాట్లాడినవాణ్ణి ఏడాదిపాటు ఆటలోంచి తీసేస్తారు.

ఆట మొదలైన కాసేపటికే చేపల కొట్టు నోరిస్ ఓడకు దెబ్బ తగిలింది. తెర అవతలినుంచి అతని గొంతు వినబడింది.

“మునిగిపోతున్నాను. ఎవరైనా వింటున్నారా?”

హెస్కెత్ క్లిఫర్డ్ తెర వైపు చూశాడు.

“వింటున్నాను, నోరిస్. చెప్పు,” అన్నాడు క్లిఫర్డ్.

యుద్ధంలోనూ అతనన్నది ఆ మాటే. ఐస్‌లాండ్‌కు దక్షిణాన, చలికాలం, సరుకు ఓడల బారుకు కాపలాగా పోయే చిన్న ఓడలో అతను రేడియో మనిషి. పక్క కాపలా ఓడకు దెబ్బ తగిలింది. అందులోని రేడియో మనిషిది హల్ ఊరు. గొంతు తప్ప ముఖం తెలియదు. ఎవరూ పలకొద్దని ఆజ్ఞ వచ్చింది. ఆ గొంతు పిలుస్తూనే ఉంది. క్లిఫర్డ్ మీట నొక్కి పలికాడు. అవతలివాడు పెద్దగా ఏమీ చెప్పలేదు. దీపాలు పోయాయన్నాడు, చలిగా ఉందన్నాడు, మాట్లాడుతూ ఉండమన్నాడు. అటునుంచి ఏ చప్పుడూ రాకుండా పోయేదాకా క్లిఫర్డ్ మాట్లాడాడు. తెల్లారి బారులో ఒక సరుకు ఓడ మునిగింది. అతని మాట పట్టుకునే జలాంతర్గామి వచ్చిందో కాదో ఎవరూ తేల్చలేకపోయారు. విచారణలో, చేసినదానికి బాధపడుతున్నావా అని అడిగారు. లేదు సార్ అన్నాడు. భుజం మీది చిహ్నం కత్తిరించి, యుద్ధం అయ్యేదాకా బంగాళాదుంపలు ఒలిపించారు.

హెస్కెత్ పాచిక వేశాడు. ఆరు పడింది. హెస్కెత్ వంగి, క్లిఫర్డ్ ఓడను ఎత్తి పక్కన పెట్టి, తెర తొలగించాడు.

“మీ మీద నాకు కోపం లేదు,” అన్నాడు మెల్లగా. “కానీ మీరు చెప్పిన, యుద్ధంలో మునిగిన ఆ సరుకు ఓడలోనూ మనుషులున్నారు కదండీ.”

“తెలుసు. నిద్ర లేవగానే గుర్తొచ్చేది వాళ్ళే.” క్లిఫర్డ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. “నా వల్లే పోయారేమో. కాదని నేనెప్పుడూ అనలేదు. నీ నియమం తప్పనీ అనను, బాబూ. కానీ పిలిచినవాడికి నేను పలుకుతాను.”

“అయితే ఈ ఏడాదికి మీరు ఆటలో లేనట్టే.”

“సరే. వచ్చే శనివారం వచ్చి గుమ్మంలో నిలబడతాను. అక్కణ్ణుంచి పలుకుతాను.”

నోరిస్ తెర వెనకనుంచి వచ్చి అతని కోటు అందించాడు.

రేవు మెట్ల దగ్గర కొట్టులో క్లిఫర్డ్ మ్యూరియల్ కోసం మాంసం కూరిన వేడి రొట్టె ఒకటి కొని కాగితంలో చుట్టించుకున్నాడు. పొద్దు వాలుతోంది. ఫెర్రీ ఎక్కి, పై అంతస్తులో గాలి తగిలే బెంచీ మీద కూర్చున్నాడు. టికెట్టు అడగబోయిన కుర్ర కండక్టరుకు, నీకన్నా ముందునుంచీ ఉన్నానిక్కడ అని చెప్పి నవ్వించాడు. తర్వాత రెయిలింగుకు తల ఆనించి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు.

అతని ఇంటి వైపు ఒడ్డున, సీకోంబ్ రేవులో జనమంతా దిగిపోయారు. తాడు కట్టి పైకొచ్చిన తోటి పనివాడు, “క్లిఫ్, ఇల్లొచ్చింది,” అన్నాడు. దగ్గరికొచ్చి మళ్ళీ పిలిచాడు. పిలిస్తే క్లిఫర్డ్ పలకకపోవడం అతనెరిగి అదే మొదటిసారి.

నలుగురు పనివాళ్ళు కలిసి అతన్ని కిందికి దించారు. బెంచీ మీద కాగితం పొట్లం మిగిలింది. అడుగున కొవ్వు మరక నెమ్మదిగా విచ్చుకుంటోంది. మడత సందులోంచి సన్నగా ఆవిరి.