జారుముడి

మగ్గం ఇంటి ఆడమనిషిని మంచం మీద పడుకోబెట్టి చేతులు కదపొద్దని చెప్పడం ఎంత తేలిక! చెప్పేవాళ్లకేం, చెప్పి పోతారు. ఏడేళ్ల ప్రాయం నుంచి కండెలు చుట్టిన చేతులవి. తిమ్మమ్మ కోడుమూరులో పుట్టి, కోడుమూరులోనే నాలుగిళ్ల అవతల మెట్టింది. నూలు తప్ప మరో లోకం ఎరగదు. అలాంటి మనిషికి క్షయ అని తేల్చి, డోన్ అవతల మిట్ట మీది మిషను ఆసుపత్రిలో చేర్చారు. సగం గోడల షెడ్డు. జబ్బుకు గాలి మంచిదట. ఆ మిట్ట మీద గాలికేం కరువు, దుమ్ముతో సహా కావలసినంత.

"పాలు తాగాలి, పడుకోవాలి, మాట్లాడకూడదు" అంది డాక్టరు దొరసానమ్మ. మాట్లాడటానికి అక్కడెవరున్నారు గనక! ఆరు మంచాలు. తిమ్మమ్మ చేరినప్పుడు ఇంకొకామె ఉండేది. నెల తిరక్కుండానే ఆ మంచం కూడా ఖాళీ అయింది. ఆమె ఏమైందో ఎవరూ చెప్పలేదు, తిమ్మమ్మ అడగలేదు.

నిజానికి తన ప్రాణం సంగతి కూడా ఆమె ఎవరినీ పెద్దగా అడగలేదు. ఆమె దిగులంతా కూతురు హులిగెమ్మ మీదే. ఏడాదిన్నర బిడ్డ. చనుబాలు మాన్పించి, అత్త నాగలక్ష్మమ్మ చేతిలో పెట్టి బండెక్కింది. బండి కదులుతుంటే బిడ్డ ఏడవను కూడా లేదు, ఎద్దు మెడలో గంటలను చూస్తూ ఉండిపోయింది. నన్ను మరిచిపోతుందా? పొద్దున లేస్తే ఇదే, పొద్దు గూకినా ఇదే.

ఒక మధ్యాహ్నం నర్సు కృపమణి వచ్చి చూస్తే తిమ్మమ్మ దుప్పటి అంచులోంచి పోగులు లాగి వేలికి చుట్టుకుంటూ ఉంది. అప్పటికే జానెడు అంచు మాయమైంది.

"అయ్యో అయ్యో, ఇదేం పనమ్మా! ఆసుపత్రి దుప్పటి గదా!"

"చేతులు ఊరుకోవు నర్సమ్మా. నేనేం చేద్దు?"

కృపమణి నందికొట్కూరు మనిషి. నోరు పెద్దది, మనసు మెత్తన. తిట్టాల్సినంత తిట్టి, మర్నాడు కొక్కెం ఉన్న సూది ఒకటి, తెల్ల దారం ఉండ ఒకటి తెచ్చి మంచం మీద పడేసింది. దాంతో చేసే అల్లికను క్రోషా అంటారని చెప్పింది. పడుకునే చేసుకోవచ్చని దొరసానమ్మను ఒప్పించి మరీ వచ్చింది.

తిమ్మమ్మకు మొదట నవ్వొచ్చింది. పడుగు లేదు, పేక లేదు, మగ్గం లేదు. ఉన్నదంతా ఒక్కటే పోగు. కొక్కెంతో పోగును లాగి మెలి చేయడం, ఆ మెలిలోంచి ఇంకో మెలి లాగడం. "ఇదీ ఒక గుడ్డేనా?" అంది. తీరా చేయబోతే మొదటి ముక్క ఎండిన చింతతొక్కలా వంకర తిరిగింది. అంతే, ఆమెకు రోషం పుట్టుకొచ్చింది. కోడుమూరు మనిషికి నూలు లొంగకపోవడమా!

పది రోజుల్లో చెయ్యి కుదిరింది. ఇక అక్కడి నుంచి బుర్రకు పని. చీరకు వేసే కోటకొమ్మ అంచు ఇందులో పడుతుందా? ఒక్కో కొమ్మకు ఎన్ని మెలికలు, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి? మనసులోనే వేసుకుని, తప్పు పడితే విప్పుకుని, మళ్లీ వేసుకునేది. లెక్క తేలేసరికి పొద్దు వాలేది. మధ్యలో దగ్గు వచ్చి పోయినా, ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుండేది కాదు. దగ్గును లెక్కపెట్టుకుంటూ పడుకున్న మనిషికి అది చిన్న సంగతా?

బిడ్డకు ఎర్ర దారంతో కుల్లాయి అల్లింది. ఆఖరి మెలి దగ్గర "దారం తెంపి, దీంట్లోంచి దూర్చి బిగించు" అంది కృపమణి. తిమ్మమ్మ వినలేదు. నేతగాళ్ల ఇళ్లలో గుడ్డ కోసేటప్పుడు పడుగు అంతా కోసెయ్యరు. తర్వాతి పడుగు అతకడానికి జానెడు మిగిల్చి ఉంచుతారు. మొత్తం కోస్తే మగ్గం మూసినట్టే.

"బిడ్డ తల పెరగదా నర్సమ్మా? నేను ఇంటికి పోయినాక ఇంగో రెండు వరసలు ఎయ్యల్ల" అని జారుముడి ఒకటి వేసి, పోగు కొనను మడతలో దాచింది.

కృపమణి కుల్లాయిని సలసల కాగే నీళ్లలో ఉడకబెట్టి, మూడెండలు ఎండబెట్టింది. అమావాస్యకు తిమ్మమ్మ మొగుడు ఉరుకుందప్ప వచ్చి పట్టుకుపోయాడు. అమావాస్య నాడు మగ్గం నేయరు కాబట్టి నెలకు ఆ ఒక్క రోజే అతనికి తీరిక. వచ్చినా తీగ కంచె అవతలే నిలబడాలి.

మళ్లీ అమావాస్య వచ్చింది. ఉరుకుందప్ప కంచె దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"బిడ్డ పెట్టుకునిందా?"

"పెట్టుకునింది. రెండు దినాలు తీయనీలే."

"తర్వాత?"

"పోగు ఏలాడతాంది అని మాయమ్మ పీకింది. మన అలవాటు నీకు తెలీదా? గుడ్డ మీద పోగు కనపడితే చెయ్యి ఊరుకోదు. పీకితే జరజరా వచ్చేసింది. యాడో ఒకచోట తెగకపోతుందా అని ఇంగా లాగింది. ముసిల్ది చూసేలోపల కుల్లాయి లేదు, ఏం లేదు."

అరవై ఏళ్లుగా గుడ్డ నేసిన మనిషి. ఒక్క పోగు లాగితే మొత్తం ఊడిపోయే గుడ్డ ఉంటుందని ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు?

"బిడ్డ ఏడ్చిందా?"

"ఏడ్చేదా! నవ్వింది. నెత్తి మీద పోగు గిరగిరా తిరుగుతాంటే కిందబడి నవ్వింది. అంత నవ్వడం నేను శానా దినాలకు చూసినా."

"నన్ను అడుగుతాందా?"

ఉరుకుందప్పకు అబద్ధం చెప్పడం చేతకాదు. "అడగకేం... చిన్నబిడ్డ గదా. మాయమ్మనే అమ్మా అంటాంది" అన్నాడు.

నాలుగు రోజులు తిమ్మమ్మ సూది ముట్టలేదు. గోడ వైపు తిరిగి అత్తను తిట్టింది, మొగుణ్ని తిట్టింది, తన జారుముడిని తిట్టుకుంది. అయిదో రోజు లేచి, "దారం తే నర్సమ్మా. ఈసారి బిడ్డకు దుప్పటి. ఏనుగు లాగినా ఊడకుండా ముడేస్తా" అంది. రెండు నెలలు అదే పని. చుట్టూ కోటకొమ్మలు, నడుమ పూలు. దాన్ని కప్పుకుని బిడ్డ పడుకుంటుంది, పడుకున్నంతసేపూ తన చేతుల్లో ఉన్నట్టే అని ఆమె ఆశ. కంచె దాటకపోతే సరేనని, బిడ్డను తీసుకురావడానికి దొరసానమ్మ ఒప్పుకుంది.

ఆ అమావాస్యకు దుప్పటి ఒక మూల మాత్రం మిగిలి ఉంది. ఉరుకుందప్ప చంకలో హులిగెమ్మ. తిమ్మమ్మ అల్లిక ఒళ్లో పెట్టుకుని కంచెకు నాలుగు బారల ఇవతల కూచుంది. చిక్కి సగమైన ఆ మనిషిని చూడగానే బిడ్డ తండ్రి మెడలో ముఖం దాచుకుంది.

"హులిగీ! మాయమ్మా!"

గొంతు లేవలేదు. వచ్చిన కాస్తా గాలికి పోయింది.

"అదిగో అమ్మ, చూడు" అన్నాడు ఉరుకుందప్ప.

"అమ్మ కాదు. అమ్మ ఇంట్లో ఉండాది. పోదాం" అని బిడ్డ ఏడుపు అందుకుంది. అతను ఇటు తిప్పేకొద్దీ అటు తిరిగింది.

ఇక పోయేటట్టున్నారు. తిమ్మమ్మ ఏం చేయాలో తోచక, కొక్కెం తీసి పక్కన పడేసి, దారం కొన పట్టుకుని లాగింది.

వరస జరజరా ఊడింది. బిడ్డ ఏడుపు ఆపి తల తిప్పింది. తిమ్మమ్మ చెయ్యి పైకెత్తి ఇంకా లాగింది. ఒక కోటకొమ్మ పోయింది, ఇంకోటి పోయింది. బిడ్డ కిలకిలా నవ్వింది.

"ఇంగా!"

"తిమ్మమ్మా, రెండు నెలల పని!" అని కృపమణి పరుగెత్తుకొచ్చింది. ఆ మాట తిమ్మమ్మ చెవికెక్కలేదు. అంచులు పోయాయి, పూలు పోయాయి. బిడ్డ రెండు చేతులూ చాపి ఆమెనే చూస్తోంది, ఆమె చేతుల్నే చూస్తోంది. అంతసేపు బిడ్డ ముఖాన్ని తనివితీరా చూసుకుంది తిమ్మమ్మ. కింద కోరపళ్లు రెండు కొత్తగా వచ్చాయి.

ఆఖరి మెలి ఊడింది.

"ఇంగా?" అంది బిడ్డ.

"అయిపోయింది తల్లీ."

బిడ్డ కాసేపు చూసి, మళ్లీ తండ్రి మెడలో ముఖం పెట్టుకుంది. "పోదాం" అంది. వాళ్లు మిట్ట దిగి కనుమరుగయ్యేదాకా తిమ్మమ్మ అక్కడే కూచుంది.

ఇప్పుడు ఏడుస్తుంది, ఎలా ఓదార్చాలిరా దేవుడా అనుకుంటూ కృపమణి దగ్గరికి వచ్చింది. తిమ్మమ్మ ఏడవడం లేదు. ఒళ్లో కుప్పపడిన దారాన్ని గబగబా ఉండ చుట్టుకుంటోంది.

"నర్సమ్మా, దీనికి రెండింతలు దారం కావల్ల" అంది. "ఇది శానా బిరీన అయిపోయింది."