సుంకమ్మ మూడో చెయ్యి

నేను ఒక దోటిని. మామిడికాయలు కోసే ఆరు గజాల దోటి అనుకునేరు, నా పొడవంతా కలిపి మూరెడు. వెదురు పుల్ల, చివర ఇనుప కొక్కెం, అంతే. నన్ను చేయించింది మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్ మందాకిని. ఇంత పొట్టి దోటితో ఏం కోస్తారమ్మా అని వడ్రంగి అడిగితే, కోతి కోసమని చెప్పడానికి మొహమాటపడి, పిల్లల ఆటకి అనేసింది. నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

కాగితాల్లో ఆ కోతి పదకొండో నంబరు. దాన్ని సాకే ఓబులేసు మాత్రం సుంకమ్మ అనేవాడు. అతనిది అనంతపురం వైపు వేరుశనగ పండించే ఊరు. సుంకమ్మకి చెయ్యందనంత దూరంలో అతను బల్ల మీద ఒక్కో వేరుశనగకాయ పెట్టాలి, అది నాతో లాక్కుని తినాలి. మొదటి వారం సుంకమ్మ నన్ను కొరికింది, నాతో వీపు గోక్కుంది, ఒకసారి మందాకిని కళ్లజోడు లాగింది. తరువాత దారికొచ్చింది.

అప్పుడు నా దశ తిరిగింది. కన్ను చూసిందీ, చర్మం తాకిందీ మెదడులో ఒక కూడలి దగ్గర కలుసుకుని, చెయ్యి ఎటు వెళ్లాలో చెబుతాయట. అక్కడ సన్నటి తీగ పెట్టి స్పీకర్‌కి కలిపారు. అక్కడి మెదడు కణం ఉలిక్కిపడితే స్పీకర్ టపటపమనేది. మొదట్లో కాయ చేతి దగ్గరుంటేనే టపటప. నెల తిరిగేసరికి నా కొన దగ్గరున్నా టపటపే. అంటే సుంకమ్మ మెదడు నన్ను చేతిలో కలిపేసుకుందన్నమాట. గర్వంతో ఉబ్బిపోయాను. వెదురుని కాబట్టి బయటికి కనబడలేదు.

ఇంతలో, ఈ పని సాగనివ్వాలో, గదికి తాళం వెయ్యాలో తేల్చడానికి పరిశోధన సంస్థ పెద్దలు ముగ్గురు వస్తున్నారని కబురొచ్చింది. సరిగ్గా ఆ వారమే సుంకమ్మ బరువు లెక్కకి మించిందని తేలింది. ఓబులేసు దొంగచాటుగా తినిపిస్తున్నాడని మందాకినికి అనుమానం. కడుపు నిండిన కోతి పని చెయ్యదు కదా. అతన్ని గది బయట కూచోబెట్టి, తనే పటకారుతో చప్పుడు కాకుండా, కొలిచిన చోట కాయలు పెట్టింది. స్పీకర్ నోరెత్తలేదు. సుంకమ్మ నన్ను నేలకేసి కొట్టింది. పెద్దలు రావడానికి రెండు రోజులుంది.

తప్పనిసరై ఓబులేసుని పిలిచింది. అతను కాయ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని గలగలా ఆడించి, నా కొన దగ్గర పెట్టాడు. టపటపటప. ఇన్నాళ్లూ స్పీకర్ మీదే ధ్యాసున్న ఆవిడ, అదేం పనని అడిగింది.

“లొట్టకాయేమో అని చూస్తాండా మేడం. అంత పాటుబడి లాక్కున్నాక లోపల గింజ లేకపోతే, దాని మనసు ఎట్లుంటాది?”

మందాకిని తన రాతపుస్తకం తెరిచింది. ఇన్నాళ్లూ, కణం కేవలం చూపుకి పలుకుతోందని ఆవిడ రాసుకుంటే, అది ఈ గలగల వినబడితేనే పలుకుతోంది. బరువు సంగతీ తేలిపోయింది. కాయల్లో నాలుగో వంతు లొట్టవి పోతాయని ఆవిడ తిండి లెక్క. ఓబులేసు పుణ్యమా అని సుంకమ్మకి ఒక్కటీ లొట్ట రాలేదు.

“నిన్ను అనుమానించాను ఓబులేసూ. తప్పు నాదే,” అంది.

పెద్దల ముందు ఆవిడ ఏదీ దాచలేదు. తన పొరపాటు చెప్పి, నా కొన దగ్గర తెర కట్టించి, దాని వెనక ఓబులేసు చేత కాయ ఆడించింది. కనబడకపోయినా కణం పలికింది, నేను సూటిగా అటే వెళ్లాను. ముగ్గురు పెద్దలూ తలా ఒక కాయ చెవి దగ్గర ఆడించి చూసుకుని, గదికి తాళం వద్దన్నారు.

పని పూర్తయ్యాక సుంకమ్మని చెట్లున్న పెద్ద ఆవరణలోకి పంపేశారు. నా వైపు తిరిగి కూడా చూడలేదు. నాకు బాధేసింది. ఓబులేసు నన్ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు పై అరలోంచి డబ్బాలు దింపుతుంటాను. ఇక నన్ను చెయ్యి అనుకునే వాళ్లెవరూ లేరనే అనుకున్నాను. నిన్న బీరువా తలుపు గాలికి మూసుకుని, నా కొక్కెం సందులో నలిగింది. ఓబులేసు అబ్బా అని, మూరెడు ఇవతల భద్రంగా ఉన్న తన వేళ్లు ఊదుకున్నాడు.