పద్నాలుగు ఒకే రకం సీసాలు

సర్దుడు మొదలుపెట్టానంటే నాకు ఒళ్ళు తెలియదు. మా ఆయనకి ఈ సంగతి పెళ్ళైన కొత్తలోనే అర్థమైంది. నేను జుట్టు ముడేసుకుని మెట్ల కింద కొట్టువైపు నడిస్తే చాలు, ఆయన తన పాత రేడియోని చంకన పెట్టుకుని వెళ్ళి కారులో దాచేస్తారు. అది పలికి ఆరేళ్ళయింది. బాగు చేయిస్తానంటారు. ఆయన చేయించరు, నేను నమ్మను.

ఆ నెలలో నా విజృంభణ మామూలుగా లేదు. బట్టల బీరువాలు, చెప్పుల అరలు, మంచాల కింద పెట్టెలు, ఏదీ వదల్లేదు. పదకొండు గోనెసంచులు గడప దాటాయి. ఒక్కో సంచీ బయటికి పోతుంటే నాకు ఒక్కో మెతుకు ఎక్కువ సహించేది. ఇక మిగిలింది వెనక వరండా ఒక్కటే. అది మా అత్తయ్య రాజ్యం.

వంటింట్లో ఉక్కపోస్తోందని ఓవెన్‌ను ఎప్పుడో ఆ వరండాలోకి మార్చారు. తోటపని సామానుకీ అదే చోటు. అత్తయ్య ఉదయం మొక్కల దగ్గర మట్టి పిసికి, చేతులు కడుక్కుని, అక్కడే పిండి కలుపుతారు. దాంతో గోడకున్న ఆ ఒక్క అరలోనే మైదా, పంచదార, బేకింగ్ పౌడర్, విత్తనాలు, ఎరువులు అన్నీ కాపురం ఉండేవి. బిస్కెట్ల డబ్బాలో పొట్ల గింజలు, కాఫీ డబ్బాలో కోకో పొడి, జామ్ సీసాలో చీమల మందు. పైగా ఒక్కో డబ్బా మెడకి ఒక్కో దారం. ఒకదానికి ఒక చుట్టు, ఒకదానికి రెండు ముళ్ళు, ఒకదానికి లావుపాటి ఉన్ని మూడు చుట్లు. దారం ముక్క కూడా పారెయ్యలేని మనిషి, ఎక్కడో అక్కడ చుట్టి పెట్టారనుకున్నాను.

కత్తెర తీసుకుని అన్నీ తెంపేశాను. ఒకే రకం గాజు సీసాలు పద్నాలుగు తెచ్చి, అన్నిటినీ వాటిలోకి మార్చాను. సన్నటి అక్షరాలతో చీటీలు రాసి అంటించాను. పై అరలో వంట సామాను, కింది అరలో తోట సామాను. చీమల మందు కింది అరలో చివరి మూల. నేనేమీ తెలివితక్కువదాన్ని కాదని మీకు ముందే మనవి చేసుకుంటున్నాను.

అత్తయ్య వచ్చి చాలాసేపు నిలబడి చూశారు.

"బాగుందమ్మాయ్. అద్దంలా ఉంది" అన్నారు.

నేను పొంగిపోయాను. ఆవిడ ఇంకేదో అనబోయి ఊరుకోవడం నాకు కనిపించింది. కానీ మెచ్చుకోలు చేతికి అందాక ఇంకేం అడుగుతాం?

మూడు రోజుల తర్వాత, గురువారం పొద్దున్న, మా అమ్మాయి కేకు డబ్బా పట్టుకుని బడికి వెళ్ళింది. దాన్ని ఇంట్లో ఉడత అంటాం. ఒకచోట కూర్చోదు, కనిపించినదాన్ని కొరక్కుండా ఉండదు. వాళ్ళ తరగతి కిటికీలో పిల్లలు చిక్కుడు పాదు పెంచుతున్నారు. గింజలు ఇచ్చింది అత్తయ్యే. మొదటి కాయ కాసిన రోజు తరగతి మొత్తానికి కేకు పంపిస్తానని మాట కూడా ఇచ్చారు. బుధవారం కాయ కనబడింది. గురువారం తెల్లారేసరికి ఓవెన్‌లోంచి నిమ్మ కేకు దిగింది.

ఆ రోజు నాకు సెలవు. మా ఆయన పనికి వెళ్ళారు. అత్తయ్య నారు తట్ట పట్టుకుని నాలుగు వీధుల అవతల ఉన్న మొక్కల నర్సరీకి బయల్దేరారు. నేను కాఫీ కప్పుతో, నా చేతిపని చూసుకుని మురుద్దామని వెనక వరండాలోకి వెళ్ళాను.

కేకు కలిపిన బల్ల మీద పిండి గిన్నె పక్కనే చీమల మందు సీసా ఉంది. మూత ఊడి ఉంది. సీసా ఒంటి మీద పిండి వేళ్ళ ముద్రలు ఐదూ స్పష్టంగా ఉన్నాయి. తల పైకెత్తి చూశాను. బేకింగ్ పౌడర్ సీసా పై అరలోనే ఉంది. నేను ఎంత నింపానో అంతా అలాగే ఉంది, చెంచా గీత కూడా పడలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు పొడులూ తెలుపే. రెండు సీసాలూ ఒకటే. వాటిని ఒకటి చేసింది నేను.

అత్తయ్యకి ఫోన్ చేశాను. అది వంటింట్లోనే మోగింది. బడికి చేశాను, ఎవరో మాట్లాడుతున్నారట. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. పిల్లలకి పదిన్నరకి విరామం. కాళ్ళకి ఏ చెప్పులు తగిలించుకున్నానో కూడా చూసుకోకుండా పరుగెత్తాను. తోవ పొడుగునా ముప్ఫైమంది పిల్లల ముఖాలే కళ్ళ ముందు. ఒక్కడు కూడా తినకూడదు, ఒక్కడు కూడా, అని పైకే అనుకుంటూ పరుగెత్తుతుంటే దారిన పోయేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

తరగతి తలుపు తోసేసరికి టీచర్ చేతిలో చాకు ఉంది. కేకు బల్ల మీద ఉంది. ముప్ఫై నోళ్ళూ తెరిచి ఉన్నాయి.

"ఆగండి! కొయ్యొద్దు!" అని అరిచాను.

టీచర్ చాకు కిందికి దించారు. "ఏమైందండీ? కూర్చోండి ముందు."

"గుడ్డు... గుడ్డు పాడైనట్టుంది. ఎవరైనా తిన్నారా?"

"ఇంకా ఎవరికీ పెట్టలేదండీ."

ఊపిరి అందింది. కేకు డబ్బా లాక్కున్నాను. అప్పుడు చూశాను, కేకు ఒక మూల వేళ్ళతో తుంచినట్టు ఊడిపోయి ఉంది. మెల్లగా మా ఉడతవైపు తిరిగాను. అది నేల చూపులు చూస్తోంది.

"దారిలో కొంచెమే తిన్నానమ్మా. ఎలుక కొరికిందని చెబుదామనుకున్నా" అంది.

పిల్లల ముందు ఏడవలేదు, అంతవరకు నయం. ఒక చేత్తో కేకూ, ఒక చేత్తో పిల్లనీ పట్టుకుని డాక్టరు దగ్గరికని బయటపడ్డాను. "కడుపులో నొప్పిగా ఉందా? తల తిరుగుతోందా?" అని అడుగడుక్కీ అడుగుతున్నాను. "చెయ్యి నొప్పిగా ఉంది, నువ్వు గట్టిగా పట్టుకున్నావు" అంటోంది అది.

వీధి మలుపులో ఖాళీ తట్టతో అత్తయ్య ఎదురొచ్చారు. గోడ వారగా, చేత్తో గోడని రాసుకుంటూ నడుస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి పిలిచేదాకా మమ్మల్ని గుర్తుపట్టలేదు.

"అత్తయ్యా! కేకులో ఏ పొడి వేశారు?"

"ఏ పొడా? ఏ పొడీ వెయ్యలేదే."

"నిజం చెప్పండి! బల్ల మీద చీమల మందు ఉంది. పిల్ల తినేసింది!"

అత్తయ్య చేతిలోంచి తట్ట జారిపోయింది. మరుక్షణం నా భుజం పట్టుకున్నారు. "అమ్మాయ్, విను. ఊపిరి పీల్చుకుని విను. పై అరలోంచి ఒకటి, కింది అరలోంచి ఒకటి, రెండు సీసాలు తీశాను. ఏది ఏదో తెలియలేదు. వాసన చూద్దామంటే జలుబు. ఎందుకొచ్చిన గొడవ అని వాటి జోలికే పోలేదు. ఒకటి ఎక్కడి నుంచి తీశానో అక్కడే పెట్టేశాను, రెండోదాని చోటు చేతికి తగల్లేదు, బల్ల మీద వదిలేశాను. గుడ్ల తెల్లసొన విడిగా తీసి, నురగ కట్టేదాకా గిలక్కొట్టి పొంగించాను. అరగంట కొట్టాను. బేకింగ్ పౌడర్ ఎరగని రోజుల్లో అలాగే కదా చేసేదాన్ని!"

"పిండిలోకి చెయ్యి తగిలి ఏమైనా పడిందేమో?"

"చేతులు రెండుసార్లు కడుక్కున్నాకే గుడ్లు పట్టుకున్నా. నా మనవరాలు తినేది కాదూ?"

నేను కాలిబాట మీద చతికిలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డబ్బా మూత తీసి, ఆ కేకు ఇంకో మూల తుంచి నోట్లో వేసుకున్నాను. మెత్తగా, పుల్లగా, దూదిలా ఉంది. జన్మలో అంత రుచైన ముద్ద నేను తినలేదు.

"నువ్వు తినొచ్చు గానీ నేను తింటే తప్పా?" అంది ఉడత. దానికీ ఒక ముక్క పెట్టాను.

అత్తయ్య నా పక్కనే కూర్చున్నారు. అప్పటికి నాకు బుర్ర పనిచెయ్యడం మొదలైంది.

"చీటీలు రాసి అంటించాను కదత్తయ్యా. చదివితే తెలిసేది కదా?"

ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగారు. తర్వాత ఉడతకి వినబడకుండా గొంతు తగ్గించి, "కనబడటం లేదే" అన్నారు. "ఏడాది నుంచి మబ్బు పట్టినట్టుగా ఉంటోంది. దారాలు తడుముకుని సరిపెట్టుకునేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ చేతిలో ఆ గోనెసంచులు చూస్తున్నాగా. పనికిరానిదంతా బయటికి పోతోంది. కళ్ళు పోయాయంటే ఓవెన్ దగ్గరికి రానివ్వవు, మొక్కల దగ్గరికి పోనివ్వవు. కుర్చీలో కూర్చోబెడతావు. ఇంక నేనెందుకూ ఇంట్లో అనిపించింది."

నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండు సంచులు మోసినప్పుడు లేని బరువు ఒక్కసారిగా మీద పడింది. ఆవిడ చూస్తుండగానే కదా ఒక్కో సంచీ కట్టి గడప దాటించాను, ప్రతిసారీ చేతులు దులుపుకుని నవ్వాను కూడా.

"మీరు లేకపోతే ఆ ఇంట్లో ఏముందత్తయ్యా? నేనూ, పలకని రేడియో" అన్నాను. కింద పడ్డ తట్ట తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

ఆవిడ నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు. "డాక్టరు దగ్గరికి ఎటూ బయల్దేరావుగా, అదేదో నా కళ్ళకి చూపించు. ఆపరేషన్ అంటే చేయించుకుంటాను. దాచి దాచి విసుగొచ్చింది నాక్కూడా."

"చూపిద్దాం. ముందు బడికి పోదాం పదండి. ముప్ఫైమంది నన్ను తిట్టుకుంటూ ఉంటారు."

రోడ్డు దాటే చోట ఆవిడ గోడని వదిలి నా చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్ళలో పట్టుకోవడం అదే మొదటిసారి. మొహమాటంగా కాదు, తన బరువంతా ఆన్చి హాయిగా పట్టుకున్నారు.

తరగతిలోకి వెళ్ళాక టీచర్‌కి గుడ్డు భేషుగ్గా ఉందని చెప్పి క్షమాపణ అడిగాను. ఆవిడ చాకు అత్తయ్య చేతికే ఇచ్చారు. అత్తయ్య కేకు మీద అరచెయ్యి ఆడించి కొలత చూసుకున్నారు. తర్వాత తలెత్తి, గదిలో అందరికీ వినబడేలా, "నాకు కళ్ళు సరిగ్గా కనబడవర్రా! ఎంతమందున్నారో మీరే గట్టిగా చెప్పండి" అన్నారు.

పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఒకటి, రెండు, మూడు అంటూ తమ తమ అంకె అరవడం మొదలుపెట్టారు.