వండేది ఎవరో చెప్పం

భవాని ఇంజనీరింగు చదివింది గానీ, కోడిగుడ్డు ఉడకబెట్టమంటే వాళ్ళమ్మ వైపు చూసే రకం. అలాంటి పిల్ల గరివిడిలో భోజనాల యాప్ పెట్టింది చూడండి, అదీ వింత! ఇళ్ళల్లో ఆడవాళ్ళు వండుతారు, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ఫోనులో నొక్కుతారు, భవాని స్కూటీ మీద క్యారేజీ పట్టుకెళ్తుంది. యాప్ తయారుచేసిన స్నేహితుడు వినోద్‌కి విశాఖలో ఉద్యోగం వచ్చి కూర్చుంది. "రోజుకి ఒక్క ఆర్డరైనా వస్తేనే నేనుంటాను. ఒక్కరోజు ఖాళీ పోయిందా, మూసేద్దాం" అనేశాడు.

ఊరంతా తిరిగితే ఒకే ఒక్క వంటమనిషి దొరికింది. మేనమామ నరసింగరావు పెళ్ళాం తవిటమ్మ. ఒకే ఒక్క గిరాకీ దొరికాడు. ఆ నరసింగరావే.

ఆ మొగుడూపెళ్ళాలకి అప్పట్లో మాటల్లేవు. ఏదో పెళ్ళిలో నలుగురి ముందూ ఆయన "సేపల పులుసంటే మా అప్పదే" అన్నాడు. అప్ప అంటే ఆయన అక్క, భవాని తల్లి. "అయితే మీ అప్ప సేతే కట్టించుకో" అని తవిటమ్మ ఆయనకి క్యారేజీ కట్టడం మానేసింది. రాత్రి కంచం టక్కున పెట్టి పోయేది. ఫ్యాక్టరీ క్యాంటీను తిండి తినలేక ఆయన మేనకోడలి యాప్ నొక్కాడు. అందులో వండేవాళ్ళ పేరుండదు. "వండేది ఎవరో చెప్పం, ఇంటి రుచి మాత్రం గ్యారంటీ" అని భవానే రాసింది.

మొదటి ముద్దకే ఆయనకి తెలిసిపోయింది. ఇన్నేళ్ళు తిన్న చేతివంట తెలీదా ఏటి! గుటుక్కున మింగి, సాయంత్రం యాప్‌లో రాశాడు: "పులుసులో బెల్లం ఎక్కువైనాది."

భవాని చదివి వినిపిస్తే తవిటమ్మ గరిటె ఆపింది. రాసిందెవరో ఆవిడకి చెప్పక్కర్లేదు.

"అలాగా! ఆ కస్టమరుకి నోరే సేదు, ఎంత బెల్లం ఏసినా సాలదని రాయ్."

రాసింది. మర్నాడు ఆర్డరుతో పాటే జవాబొచ్చింది: "బెల్లం అలాగే ఉండనీ. కారం తగ్గించమను, మాటల్లో."

అలా వాళ్ళ కాపురం భవాని ఫోనులో సాగింది. ఇదేమీ తెలియని వినోద్ రోజూ ఆర్డరే, రోజూ రివ్యూవే అని మురిసిపోయాడు, వెర్రిబాగులోడు.

ఒకరోజు తవిటమ్మ క్యారేజీ మూతపెడుతూ గొంతు తగ్గించింది.

"ఒసే గుంటా, ఒక ముక్క రాయ్. రేపట్నుంచి కేరేజీ నేనే కట్టిస్తాను, ఫోను నొక్కక్కర్లేదని."

భవాని వేలు ఫోను మీదే ఆగిపోయింది. ఉన్న ఒక్క గిరాకీ! ఇది పంపితే రేపు దుకాణం మూతే. పంపకపోతే ఎవరికి తెలుస్తుంది? అత్త వైపు చూసింది. ఆవిడ తుడిచిన క్యారేజీనే మళ్ళీ కొంగుతో తుడుస్తోంది, మొహం చూస్తే కొత్త పెళ్ళికూతురే. పాడు యాప్, పోతే పోనీ అనుకుని పంపేసింది. స్కూటీ మీద దారంతా ఏడ్చింది కూడా.

మర్నాడు ఫోను మోగలేదు. పదైంది, పదకొండైంది. వినోద్‌కి ఏం చెప్పాలా అని ఇంట్లో కూర్చుంటే టింగుమంది. మావయ్యే!

"రెండు భోజనాలు, మా ఇంటికి. ఈరోజు సెలవెట్టాను. మీ అత్తకీ సెలవే, అది వండకూడదు. మా అప్ప అయితే అస్సలు వండకూడదు."

ఓలమ్మా! భవాని కళ్ళు తుడుచుకుని, చున్నీ నడుముకి బిగించి వంటింట్లోకి పరిగెత్తింది.

"అమ్మా, చింతపండు ఏ డబ్బాలో ఉన్నాది?"