కుడి ఇంజన్ ఆగిన రోజు

శ్రీసుధ కో-పైలట్‌గా చేరి అప్పటికి ఏడు నెలలు. అంబాజీపేట దగ్గర పల్లెటూరి లెక్కల మాస్టారి కూతురు. 2008 ఆగస్టులో ఓ మధ్యాహ్నం, యాభై ఎనిమిది మందితో హైదరాబాదు నుంచి రాజమండ్రి వస్తున్న చిన్న విమానంలో ఆమె పక్కన కెప్టెన్ ఉదయ్‌భాస్కర్ ఉన్నారు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఆయన మాటకు అడ్డు చెప్పినవాళ్లను ఆమె చూడలేదు.

నిడదవోలు మీదికి వచ్చేసరికి ఎర్రదీపం వెలిగింది. కుడి ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది. దాన్ని ఆపేసి, రెండో ఇంజన్ మీద దిగాలి. శిక్షణలో ఇద్దరూ ఎన్నోసార్లు చేసిన పనే.

కెప్టెన్ చెయ్యి ఇంజన్లు ఆపే లివర్ల మీదికి వెళ్లింది. పట్టుకున్నది ఎడమది.

శ్రీసుధ తనే పొరబడ్డానేమోనని మీటరు మళ్లీ చూసింది. చూసి, ఆయన చేతిని పట్టేసుకుంది.

"సర్, అది కాదండి. పోయింది కుడిది."

ఆయన మీటరు వంక చూసి చెయ్యి తీసేశారు. ఈసారి ఆమె చేత కూడా 'కుడిది' అని పైకి చెప్పించి, అప్పుడు కుడి లివరు లాగారు.

కుడి రెక్క మీది ఫ్యాను ఆగిపోవడం ప్రయాణికులకు కిటికీల్లోంచి కనబడుతూనే ఉంది. వెనక ఏడుస్తున్నారని ఎయిర్‌హోస్టెస్ ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు. కెప్టెన్ శ్రీసుధనే మాట్లాడమన్నారు.

"కంగారు పడకండి. ఒక ఇంజన్ మేమే ఆపేశామండి. రెండోది బాగానే ఉంది. పది నిమిషాల్లో దిగిపోతాం. బెల్టులు గట్టిగా పెట్టుకోండి."

విమానం కుడికి లాగేస్తుంటే కెప్టెన్ ఎడమ కాలితో పెడలు తొక్కిపట్టి, రాజమండ్రి శివారు మధురపూడి రన్‌వే మీద నెమ్మదిగానే దించారు. ఫైరింజన్లకు పని పడలేదు. అందరూ నడిచే దిగారు.

లివరు సంగతి ఎవరికీ చెప్పకూడదని శ్రీసుధ అప్పటికే అనుకుంది. గంట తర్వాత ఆయన రిపోర్టు రాసి సంతకానికి ఇస్తే చదివింది. తన చెయ్యి ముందు ఎడమ లివరు మీదికి వెళ్లిందనీ, కో-పైలట్ ఆపిందనీ రాసేశారు.

"ఇది కూడా రాయాలాండి?" అంది.

"రాయకపోతే, రేపు ఇంకొకడి పక్కన కూర్చున్న పిల్ల నోరు విప్పదమ్మా," అన్నారాయన.

సంతకం పెట్టింది. కంపెనీ ఆయన్ని నెల రోజులు విమానం ఎక్కనివ్వకుండా మళ్లీ శిక్షణకు పంపింది. శ్రీసుధ మర్నాడు పొద్దున్నే ఇంకో కెప్టెన్ పక్కన డ్యూటీ ఎక్కింది.